గొర్రెపిల్ల చెవులు

లండన్ల చేసిన్రన్నడు కమిటీ సెక్రటరీ ఎలీషా సారు.
గడ్డిల చుట్టుకొని ఓడల వచ్చిందట బొంబాయి దాక.
వాళ్ల తాత చెప్పిండట.
తాతకెవరు చెప్పిన్రో సారుకు తెల్వదు.
గోవా పనితనం అన్నది యూనివర్సిటీ మేడం
దేవదూత బుగ్గలు చూసి.
సలోమి అవ్వ బెంచీ మీదికెల్లి లేవకుండనే
"నా లగ్గం నాడు గూడ గిట్లనే నల్లగుండె" అన్నది.
ముగ్గురిల ఆమె మాటొక్కటే రాసుకున్న.

లాలాగూడ వర్క్‌షాప్ల ముప్పై నాలుగేండ్లు
కట్టెతోని అచ్చులు చెక్కినోణ్ణి.
నేను చెక్కింది ఇసుకల దిగేది, ఇనుమయ్యి లేచేది,
రైలు కిందికి చేరి ఊరూరు తిరిగేది.
కట్టె మాత్రం షెడ్డు మూలకు పడేది.
గందుకే పిలిచిన్రేమో.

చాదర్‌ఘాట్ సందుల చిన్న చర్చి,
పక్కపొంటి మెకానిక్ షాపు, గ్రీజు వాసన.
పలకకు నాలుగు స్క్రూలు.
మూడు మొన్నమొన్నటివి.
నాలుగోదానికి తల మీద ఒక్కటే గీత,
అది కదలనన్నది.
కొబ్బరినూనె పోసి
సండేస్కూలు పిల్లలు పాట రెండుసార్లు ముగించేదాక కూసున్న.

ఒళ్లోకొచ్చింది. పసిపిల్లంత బరువు.
అంచుకు గోరుతోని గోకి వాసన చూసిన: టేకు.
బర్మాది గావచ్చు, ఆదిలాబాద్‌ది గావచ్చు,
టేకు ఎక్కడికైన పోతది.
దాని సాక్ష్యం చెల్లదు.

అప్పుడు గొర్రెపిల్లను చూసిన.
కాలుతోని జెండా పట్టుకున్న గొర్రెపిల్ల.
చెవులు తమలపాకుల లెక్క వేలాడుతున్నయి,
ముక్కు వంకర తిరిగి ఎత్తుగున్నది.
సీమ గొర్రెకు చెవులు పక్కలకు నిలవడతయట,
మేడమే ఫోన్ల చూపించింది.
ఇది జియాగూడల లారీ దిగే గొర్రె.
పనోని ముందట బొమ్మల పుస్తకం ఉండొచ్చు,
దొరనే పేజీ తెరిచి ఇచ్చి ఉండొచ్చు.
చెవుల కాడికి వచ్చేసరికి
చెయ్యి పుస్తకం మాట ఇనలేదు.
ద్రాక్షతీగకు బీరతీగ మెలికలు పెట్టిండు,
ఎవ్వరు అడగలేదు.

బొటనవేలు ఉలి జాడల మీద నడిపిన.
కోతలన్ని ఉల్టా వాలి ఉన్నయి.
మళ్ల నడిపిన.
నా లెక్కనే ఎడమచేతి వాటపోడు.
వాళ్ల నాయిన గూడ బలపం పట్టిన వేళ్ల మీద కొట్టిండో ఏమో.

రెక్కల సందుల గుండుసూది పెడితే
పసుపుపచ్చటి పొడి రాలింది, పిండి లెక్క మెత్తగ.
దుమ్ము గాదు. దుమ్ము బూడిద రంగుంటది.
ఒండ్రు.
రొమ్ము ఎత్తుల ఉండే పలకకు ఒండ్రెట్ల వస్తది?
అవ్వనే అన్నది మెల్లగ,
"మూసీ వచ్చింది గదరా, ఎనిమిదిల."
అందరం కాసేపు నేల దిక్కు చూసినం.

"అయితే ఏ సంవత్సరం రాయమంటవు? బోర్డు చేపిస్తున్నం."
వరదకు ముందు అని రాయున్రి.
"వరదల మునిగిన ఇంకో ఇంట్లకెల్లి తెచ్చి
ఈడ బిగించి ఉంటె?" అన్నది మేడం.
ఉండొచ్చు. నా దగ్గర జవాబు లేదు.
సారు మొఖం చిన్నబోయింది.
ఒక్క అరగంటల లండన్ పోయె,
అగో, చేతికొచ్చిన వరద గూడ జారిపోవట్టె.
"పోనీ, చేసినోని పేరన్న?"
ఎడమచెయ్యి.
నవ్వుతున్న అనుకున్నడు.

పాలిష్ పెట్టమన్నరు, పెట్టిన.
రెక్కల సందుల మాత్రం బ్రష్ ఆడనియ్యలే.
పలక వెనక పదిహేడు పెన్సిలు గీతలున్నయి,
కూలి దినాలో, కొవ్వొత్తుల లెక్కనో.
వాటి కింద జాగ ఉన్నది.
చెవి మీది పెన్సిలు తీసి, ఎడమచేతితోనే,
ఇయ్యాల్టి తారీఖు ఏసిన,
"పాత స్క్రూ ఇరిగింది, కొత్తది పెట్టిన" అని రాసిన.
వంద ఏండ్లకు ఇంకెవడో విప్పుతడు.
గా ఒక్క స్క్రూ వయసు కోసమన్న
వాడు తండ్లాడొద్దు.